గోదావరి పల్లెల లెక్కలు, మన ఇంటి ఉప్పు

2003-04 ప్రాంతంలో ఉభయగోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఎవరైనా చనిపోతే, ఆ తరువాత ఒక ఆరోగ్య కార్యకర్త ఆ ఇంటికి వెళ్ళి కుటుంబసభ్యులను ప్రశ్నలు అడిగేవారు. ఛాతీలో నొప్పి వచ్చిందా, వస్తే ఎంతసేపు ఉంది, చెమటలు పట్టాయా, ఆయాసపడ్డారా, ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోయాయా, మాట తడబడిందా, జ్వరం ఎన్నాళ్లు కాసింది అంటూ వరసగా అడిగి రాసుకున్న జవాబులను డాక్టర్లు చదివి మరణానికి కారణం నిర్ణయించేవారు. పల్లెలో మనిషి ఇంట్లోనే కన్నుమూస్తే పంచాయతీ రిజిస్టరులో పేరూ తేదీ ఎక్కుతాయి గాని, ఎందుకు పోయారన్న సంగతి సాధారణంగా ఎక్కదు. ఆ ఖాళీని పూరించడానికి ఆస్ట్రేలియాలో పుట్టిన వైద్య పరిశోధన సంస్థ జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులూ, సత్యం కంప్యూటర్స్ కుటుంబం నెలకొల్పిన బైర్రాజు ఫౌండేషనూ కలిసి చేసిన పని ఇది. దాదాపు 1,80,000 జనాభాలో 1,354 మరణాలు నమోదయ్యాయి. వాటిలో నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల జరిగినవని తేలింది. గుండెపోటూ పక్షవాతమూ ఇంచుమించు సమానంగా ఆ వాటాను పంచుకున్నాయి. అంటువ్యాధుల వాటా అందులో సగం కూడా లేదు.

2006లో అచ్చయిన ఈ లెక్కను నేను చాలా ఆలస్యంగా చదివాను. చదివినప్పటి నుంచీ ఒక విషయం నన్ను వదలడం లేదు. గుండె జబ్బు అనగానే మన కళ్ళ ముందు మెదిలేది నగరం, కారు, ఏసీ గది, పొట్ట పెరిగిన ఉద్యోగి. వరిచేలో వంగి పనిచేసే మనిషికి ఆ జబ్బు రాదని మన నమ్మకం. ఆ పల్లెల లెక్క ఆ నమ్మకాన్ని తుడిచిపెట్టి రెండు దశాబ్దాలు గడిచింది. అయినా మనం తీసుకునే జాగ్రత్తలు, ఇచ్చిపుచ్చుకునే సలహాలు, ప్రభుత్వం ఖర్చుపెట్టే తీరు మాత్రం పాత బొమ్మ చుట్టూనే తిరుగుతున్నాయి. ఈ వ్యాసంలో నేను వాదించదలచినది ఇంతే: గుండె, రక్తనాళాల జబ్బుల విషయంలో మనకు కావలసిన ప్రధాన సమాచారం చాలాకాలంగా చేతిలో ఉంది, అందులో కొంత మన ఊళ్లలోనే పుట్టింది కూడా, మనం మాత్రం ఆ జబ్బును అది మొదలయ్యే చోట పట్టుకోకుండా, ముదిరి ఆసుపత్రికి చేరిన చోట పట్టుకోవడానికి అలవాటుపడ్డాం.

అది మొదలయ్యే చోట్లలో అన్నిటికన్నా పెద్దది రక్తపోటు. దాని ప్రాముఖ్యం వైద్యులకే ఎంత ఆలస్యంగా తెలిసిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు 1944 మార్చిలో పరీక్ష చేసిన గుండె వైద్యుడు హోవార్డ్ బ్రుయెన్ బీపీ 186/108 ఉన్నట్టు రాసుకున్నాడు. 1945 ఏప్రిల్ 12న, మెదడులో రక్తనాళం చిట్లి ఆయన మరణించిన రోజున, అది 300/190కి చేరింది. ప్రపంచంలో ఎవరికీ తీసిపోని వైద్యం అందుబాటులో ఉన్న మనిషి, యుద్ధం నడుపుతూ, యాల్టా దాకా ప్రయాణం చేసి వచ్చి, 63 ఏళ్లకే అలా పోయాడు. ఆ రోజుల్లో చాలామంది వైద్యుల అభిప్రాయం ఏమంటే, వయసుతో పాటు బిరుసెక్కిన నాళాల గుండా రక్తాన్ని నెట్టడానికి శరీరమే పోటు పెంచుకుంటుంది, కనుక దాన్ని తగ్గించబోవడం ప్రమాదం అని. మూడేళ్ల తరువాత, 1948లో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రేమింగ్‌హామ్ అనే ఊరిలో 5,209 మంది స్త్రీ పురుషులను ఎంచుకుని, వారిని ఏళ్ల తరబడి క్రమంగా పరీక్షిస్తూ ఎవరికి గుండె జబ్బు వస్తుందో, ఎవరికి రాదో చూడటం మొదలుపెట్టారు. పోటు ఎక్కువ ఉన్నవారికీ, కొలెస్టరాల్ ఎక్కువ ఉన్నవారికీ, పొగ తాగేవారికీ ముప్పు ఎక్కువన్న మాట మనం ఇవాళ అలవోకగా అనగలుగుతున్నామంటే ఆ ఊరి జనం ఓపికే కారణం.

అయితే పోటు ఉన్నవారికి ముప్పు ఎక్కువ అని చూపడం వేరు, పోటు తగ్గిస్తే ముప్పు తగ్గుతుందని చూపడం వేరు. రెండో పని 1967లో ఎడ్వర్డ్ ఫ్రీస్ బృందం అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో చేసింది. పోటు బాగా ఎక్కువగా ఉన్న 143 మంది పురుషుల్లో కొందరికి అసలు మందులు, కొందరికి చూడటానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి చూశారు. తేడా ఎంత స్పష్టంగా కనిపించిందంటే, ఉత్తుత్తి మాత్రలు ఇంకా కొనసాగించడం న్యాయం కాదని ఆ భాగాన్ని ముందుగానే ఆపేశారు. తరువాత 2002లో, 61 అధ్యయనాల్లోని దాదాపు పది లక్షల మంది వివరాలను కలిపి చూసినప్పుడు ఇంకో సంగతి బయటపడింది: 40 నుంచి 69 ఏళ్ల వయసులో, 115/75 నుంచి మొదలుకొని పై సంఖ్య 20 గాని, కింది సంఖ్య 10 గాని పెరిగినప్పుడల్లా గుండెపోటుతోనో పక్షవాతంతోనో మరణించే అవకాశం ఇంచుమించు రెట్టింపవుతూ పోతుంది. అంటే 140 దగ్గర ఏదో గీత ఉందనీ, దానికి ఇవతల క్షేమం, అవతల జబ్బు అనీ అనుకోవడానికి వీలులేదు. ఆ గీత చికిత్స మొదలుపెట్టే సౌలభ్యం కోసం మనం గీసుకున్నది.

ఈ జబ్బుతో అసలు చిక్కు, దానికి నొప్పి లేకపోవడం. మన ఇళ్లలో ఆరోగ్యాన్ని కొలిచే సాధనం ఒంటి తీరే. "ఒంట్లో బాగానే ఉంది" అంటే బాగానే ఉన్నట్టు. తణుకు దగ్గర మా పెదనాన్నకు యాభై దాటాక ఒక వైద్య శిబిరంలో బీపీ బయటపడింది. మాత్రలు రాసిచ్చారు, నెల తిరిగేసరికి పోటు మామూలుకొచ్చింది, ఆయన మానేశారు. తలనొప్పి వచ్చిన రోజున మాత్రం ఒకటి వేసుకునేవారు. కొన్నేళ్లకు కుడిపక్క పడిపోయింది. ఆయన చదువు లేనివారేం కాదు, పంచాంగం నుంచి ఎరువుల లెక్క దాకా అన్నీ తెలిసినవారు. ఒంటికి తెలియని జబ్బుకు రోజూ మందు వేసుకోవడమన్న ఆలోచన మాత్రం ఆయన బుద్ధికి ఎక్కలేదు, అంతే. నాకు తెలిసిన సగం ఇళ్లలో ఇదే కథ. పోటు మామూలుకు రావడం మాత్ర పనిచేస్తోందనడానికి గుర్తు. మనవాళ్లు దాన్ని జబ్బు పోయిందనడానికి గుర్తుగా తీసుకుంటారు.

దీనికి తోడు "ఇంగ్లీషు మందు ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వదలదు" అన్న భయం ఒకటుంది. జీవితాంతం వదలనిది సాధారణంగా జబ్బే గాని మందు కాదు. ఈ భయం ఉన్నవారే మూలికల మాట వస్తే నిశ్చింతగా ఉంటారు కాబట్టి వారికి సర్పగంధి చరిత్ర చెప్పాలనిపిస్తుంది. మన దేశపు వైద్యంలో ఎప్పటి నుంచో వాడుకలో ఉన్న ఆ వేరు పోటు తగ్గిస్తుందని 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ బోస్ రాశారు; 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల్లో కొలిచి చూసిన వివరాలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించాక ప్రపంచమంతా దాని వైపు చూసింది. దానిలోంచి తీసిన రిసర్పిన్ ఆ కాలపు ముఖ్యమైన బీపీ మందుల్లో ఒకటయ్యింది, ఫ్రీస్ 1967లో వాడిన మందుల్లో కూడా అదుంది. అదే కొలత దాని లోపాన్నీ బయటపెట్టింది: కొందరు దిగులులో కూరుకుపోయారు, ముక్కు దిబ్బడలు, మగత వచ్చాయి. మెరుగైన మందులు రాగానే అది వెనకబడింది. మూలికా, మాత్రా అన్న తేడా నాకు పట్టింపు లేదు. ఎంతమందిలో, ఎన్నాళ్లు, దేనితో పోల్చి చూశారన్నదే నేను అడిగేది. రోజూ పొద్దున్నే ఫోనుకు వచ్చే వెల్లుల్లి రసం సలహాకూ, నిమ్మకాయ సలహాకూ ఆ ప్రశ్నకు జవాబుండదు. గుండెపోటు వచ్చినప్పుడు గట్టిగా దగ్గుతూ ఉంటే బతికి బయటపడవచ్చన్న సందేశమైతే నిరపాయకరమైనది కూడా కాదు, ఎందుకంటే 108కి ఫోను చేయవలసిన నిమిషాలను అది మింగేస్తుంది.

ఉప్పు సంగతి కొంచెం నెమ్మదిగా చెప్పుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఇంచుమించు ఒక చెంచాడు ఉప్పు చాలంటుంది. భారతీయులు తినేది దాదాపు రెట్టింపు. ఇంతవరకూ ఏ కరపత్రమైనా చెబుతుంది. ఆ తరువాత వచ్చే సలహా, "డబ్బాల మీద, పొట్లాల మీద ముద్రించిన సోడియం పరిమాణం చదివి కొనండి" అన్నది, అమెరికా నుంచి నేరుగా దిగుమతి అయింది. అక్కడ తినే ఉప్పులో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు ఫ్యాక్టరీలో, హోటల్లో ముందే కలిసి వస్తుంది కాబట్టి ఆ సలహా అక్కడ సరైనదే. మన ఉప్పులో పెద్ద భాగం మన చేతి మీదుగా పడుతుంది. కూరలో, పప్పులో, చారులో వేసేది ఒక వంతు. ఆవకాయ, గోంగూర, చింతకాయ తొక్కు, ఊరమిరపకాయలు, వడియాలు, అప్పడాలు, ఎండుచేపలు ఇంకో వంతు. చివర పెరుగన్నంలో మళ్లీ చిటికెడు. ఆవకాయకు కారం, ఆవపిండి, ఉప్పు ఇంచుమించు సమపాళ్లలో కొలుస్తారు, ఆ ఉప్పు తగ్గిస్తే జాడీ వర్షాకాలం దాటదు. కాబట్టి "పచ్చడిలో ఉప్పు తగ్గించండి" అనే డాక్టరు ఎప్పుడూ పచ్చడి పెట్టి ఉండరని నా అనుమానం. ముద్దపప్పులోకి ఆవకాయ ఉన్న పూట కూరలో ఉప్పు సగానికి తగ్గించమనడం, ఒకే పూట పచ్చడీ అప్పడమూ ఊరమిరపకాయా మూడూ వేసుకోవద్దనడం, మజ్జిగలో ఉప్పు మానమనడం ఆచరించదగిన సలహాలు.

ఉప్పు మన చేతిలోనే ఉండటం వల్ల ఒక లాభం కూడా ఉంది. 2021లో చైనా పల్లెల నుంచి వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో 600 గ్రామాల్లో 20,995 మందిని తీసుకున్నారు. వారిలో ఎక్కువమందికి అంతకుముందే పక్షవాతం వచ్చి ఉంది, మిగిలినవారు పోటు అదుపులో లేని పెద్దవయసువారు. సగం గ్రామాల్లో మామూలు ఉప్పుకు బదులు, నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. దాదాపు ఐదేళ్లలో పక్షవాతాలు 14 శాతం, మరణాలు 12 శాతం తగ్గాయి. వంట మారలేదు, రుచి పెద్దగా మారలేదు, ఉప్పు డబ్బా ఒక్కటే మారింది. అదే ఏడాది మన తెలంగాణలో, సిద్దిపేట ప్రాంతపు పల్లెల్లో, బీపీ ఉన్న 502 మందితో చేసిన ప్రయోగం ఫలితాలూ వచ్చాయి. 30 శాతం పొటాషియం ఉప్పు కలిపిన రకాన్ని వాడినవారిలో మూడు నెలలకే పై సంఖ్య, మామూలు ఉప్పు వాడినవారితో పోలిస్తే సగటున 4.6 తగ్గింది. ఒక మనిషికి అది చిన్న సంఖ్య. ఊరు మొత్తానికి అది చిన్నది కాదు. ఇదే సందర్భంలో సైంధవ లవణం కొని తృప్తిపడేవారికి ఒక మాట: గులాబీ రంగులో ఉన్నా, కిలో ఎంత పెట్టి కొన్నా, అందులో ఉండేది దాదాపు అంతా సోడియం క్లోరైడే.

అయితే ఈ పొటాషియం ఉప్పును రాష్ట్రమంతా రేషను దుకాణాల్లో పంచితే సరిపోతుందని ఎవరైనా అంటే నేను వెంటనే ఉద్దానం వైపు చూపిస్తాను. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో, కారణం ఇంకా పూర్తిగా తేలని మూత్రపిండాల వ్యాధి ఎన్నో కుటుంబాలను కుదిపేసింది. కిడ్నీలు దెబ్బతిన్న మనిషి ఒంట్లోంచి పొటాషియం సరిగా బయటకు పోదు, అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పి ఆగిపోయే ప్రమాదం ఉంది. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రకం ఉప్పును సిఫారసు చేసినప్పుడు కిడ్నీ సమస్య ఉన్నవారిని, గర్భిణులను, పిల్లలను మినహాయించింది. టెల్మిసార్టన్ లాంటి కొన్ని బీపీ మందులు కూడా పొటాషియాన్ని పెంచుతాయి, కాబట్టి అవి వాడేవారు డాక్టరును అడిగే ఉప్పు మార్చాలి. సిద్దిపేటలో మేలు చేసిన డబ్బా కవిటిలో హాని చేయగలదు. సలహా ఇచ్చేవారికి ఊరి పేరు తెలియాలని నేననేది ఇందుకే.

"మా వంశంలోనే ఉంది" అన్న మాటకూ కొంత ఆధారం లేకపోలేదు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్ బృందం 2009లో, గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 డీఎన్ఏ అక్షరాలు లోపించిన రూపం భారత ఉపఖండంలో నూటికి దాదాపు నలుగురిలో ఉందనీ, అది పెద్దవయసులో గుండె బలహీనపడే ముప్పును పెంచుతుందనీ చూపింది. దక్షిణాసియావారికి తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తుందనీ, ఇతరులకు దాదాపు 59కి వస్తుందనీ ఇంటర్‌హార్ట్ అధ్యయనంలోనూ కనిపించింది. కానీ సలీం యూసుఫ్ నాయకత్వంలో 52 దేశాల్లో జరిగిన ఆ అధ్యయనమే, తొలి గుండెపోటు ముప్పులో పురుషులకు 90 శాతం, స్త్రీలకు 94 శాతం కొలవగలిగిన తొమ్మిది అంశాలతో ముడిపడి ఉందని 2004లో తేల్చింది: పొగ, రక్తంలో కొవ్వులు, బీపీ, మధుమేహం, పొట్ట, మానసిక ఒత్తిడి, పండ్లూ కూరగాయలూ తక్కువ తినడం, వ్యాయామం లేకపోవడం, మద్యం. మనవాళ్లకు ముందుగా రావడానికి కూడా ఎక్కువ భాగం, ఇవే మనలో చిన్న వయసులోనే మొదలుకావడం కారణమని తేలింది. వంశం మీదికి నెట్టి చుట్ట ముట్టించుకోవడానికి ఈ అంకెలు సహకరించవు.

వంశం కన్నా గర్భం మాట ఎక్కువ ఆసక్తికరం. 1987-90 మధ్య హైదరాబాదు సమీపంలోని 29 గ్రామాల్లో జాతీయ పోషకాహార సంస్థ గర్భిణులకూ చిన్నపిల్లలకూ అదనపు ఆహారం అందించడం వల్ల కలిగే మేలును పరిశీలించింది. అప్పటి పిల్లలను కౌమారంలో మళ్లీ పరీక్షిస్తే, ఆహారం అందిన ఊళ్లవారు కొంచెం పొడుగ్గా ఉండటమే కాక, వారి ధమనుల బిరుసు కూడా తక్కువగా ఉంది. అంగన్‌వాడీ పిండిని గుండె వైద్యంలో భాగంగా ఎవరూ లెక్కపెట్టరు.

మనం లెక్కపెట్టేది స్టెంట్లను, అంటే ఇరుకైన గుండె నాళాన్ని తెరిచి ఉంచడానికి పెట్టే సన్నని గొట్టాలను. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు, పేదవాడికి కార్పొరేట్ ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ ఉచితమన్న మాటకు వచ్చిన ఆదరణ నాకు గుర్తుంది, ఆ ఆదరణ న్యాయమైనదే. గుండెపోటు వచ్చిన గంటల్లో మూసుకుపోయిన నాళాన్ని తెరవడం ప్రాణం నిలబెడుతుంది, దానిలో వాదన లేదు. హైదరాబాదులో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి చవక స్టెంటు తయారుచేసిన కథా, 2017లో కేంద్రం స్టెంట్ల ధరలకు పరిమితి పెట్టిన సంగతీ గర్వించదగినవే. వాదన ఉన్నది గుండెపోటు రాకుండా, నడిస్తే ఛాతీ పట్టేస్తూ స్థిరంగా ఉన్న రోగుల విషయంలో. 37 దేశాల్లో 5,179 మందితో జరిగి 2020లో వెలువడిన ఇస్కీమియా అధ్యయనంలో, అలాంటివారికి వెంటనే స్టెంటో బైపాసో చేసినా, ముందు మందులతో నడిపించి చూసినా, మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నొప్పి తగ్గడంలో మాత్రం ఆపరేషన్ మెరుగు. ఈ తేడాను రోగికి వివరించి చెప్పే ఓపిక అన్ని చోట్లా ఉండదు. నాకు తెలిసిన ఒక ఆసుపత్రిలో "బ్లాకులు ఉన్నాయి, ఈ రాత్రే చేయాలి" అన్న మాట తప్ప ఆ కుటుంబానికి వేరే వివరణ దొరకలేదు. ఇక స్టెంటు పడ్డాకైనా మందులు ఆపకుండా వాడుతున్నారా అంటే, 2011లో వెలువడిన ప్యూర్ అధ్యయనం ప్రకారం, భారత్ కూడా ఉన్న తక్కువ ఆదాయ దేశాల జట్టులో, గుండెపోటో పక్షవాతమో వచ్చినవారిలో నూటికి 80 మంది ఆస్పిరిన్, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్, బీపీ మందుల్లో ఒక్కటి కూడా వాడటం లేదు.

అవగాహన పెంచితే అన్నీ సర్దుకుంటాయన్న వాదాన్ని నేను నమ్మను. దానికి కారణం కూడా గోదావరి జిల్లాయే. పశ్చిమగోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాల్లో ఆశా కార్యకర్తల చేతికి టాబ్లెట్ కంప్యూటర్లిచ్చి, ఎవరికి ముప్పు ఎక్కువో గుర్తించి డాక్టరు దగ్గరికి పంపే ఏర్పాటు చేశారు. మంచి ఆలోచన. 2019లో ఫలితాలు వచ్చాక చూస్తే, ఆ ఏర్పాటు ఉన్న కాలంలోనూ లేని కాలంలోనూ బీపీ అదుపులో ఉన్నవారి నిష్పత్తి ఇంచుమించు ఒకటే. నన్నడిగితే, ముప్పు ఉందని తెలిసిన మనిషి కేంద్రానికి వెళ్ళినప్పుడు డాక్టరు ఉండాలి, మాత్రలు ఉండాలి, అవి వారానికో పది రోజులకో ఇచ్చి మళ్లీ రమ్మనకూడదు. కూలి మానుకుని నెలకు మూడు సార్లు ఎవరూ రారు. 2017లో ప్రకటించి, తొలి విడతలోనే తెలంగాణను చేర్చుకున్న భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ఈ సంగతి గ్రహించినట్టు కనిపిస్తుంది: ఏ డాక్టరైనా అనుసరించగల ఒకే చికిత్సా క్రమం, ఆమ్లోడిపిన్ లాంటి చవకైన కొద్దిపాటి మందులు, నెలకు సరిపడా మాత్రలు, నర్సు కూడా బీపీ కొలిచి మందు కొనసాగించే వెసులుబాటు, నమోదైనవారిలో ఎంతమందికి పోటు 140/90 లోపుకు వచ్చిందో మూడు నెలలకోసారి లెక్క.

నాకు ఆ చివరి అంశమే అన్నిటికన్నా నచ్చింది. ఫలానా జిల్లాలో ఈ ఏడాది ఎన్ని గుండె ఆపరేషన్లకు ఎన్ని కోట్లు మంజూరు చేశామో ప్రభుత్వాలు గర్వంగా ప్రకటిస్తాయి. దాని పక్కనే, అదే జిల్లాలో మండలాల వారీగా, బీపీ ఉన్నట్టు గుర్తించినవారు ఎందరు, వారిలో అదుపులో ఉన్నవారు ఎందరు, కిందటి మూడు నెలల్లో ఉప కేంద్రంలో ఆమ్లోడిపిన్ నిండుకున్న రోజులెన్ని అన్నవి కూడా ప్రకటించమని మన ఎమ్మెల్యేలను అడగవచ్చు. ఆ మూడు సంఖ్యలు సేకరించడానికి కొత్త యంత్రాలు అక్కర్లేదు, నర్సు దగ్గర ఉన్న రిజిస్టరు చాలు.